ఆవిరికి మైల లేదట

మిశ్రమాలను వేరుచేయడం అనే పాఠం ప్రతి ఏడూ చెబుతాను. ఇసుకలో కలిసిన ఉప్పు, ఉప్పులో కలిసిన కర్పూరం, నీళ్లలో కలిసిన సిరా. బోర్డు మీద బొమ్మ వేయకముందే పిల్లల్ని అడుగుతాను, వేరుచేయాలంటే అన్నిటికన్నా ముందు ఏం కావాలి అని. వడపోత కాగితమని ఒకరు, గరాటని ఒకరు, స్పిరిట్ దీపమని ఇంకొకరు అరుస్తారు. అవేవీ కావు. ఏది దేంట్లో కలిసిందో ముందు తెలియాలి. ఏమీ కలవనిదాన్ని వేరుచేయబోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఇంత గొప్పగా చెప్పేసి, సాయంత్రం బస్సెక్కి నరసాపురం వచ్చి, నెలకి మూడు రోజులు మా ఇంటి వెనక గదిలో చాప మీద కూర్చునేదాన్ని. కంచం వేరు, గ్లాసు వేరు, దుప్పటి వేరు. నాలో కొత్తగా ఏం కలిసిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. మొగల్తూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఆ మూడు రోజులూ స్కూల్లో ఈ చేతులతోనే ఆమ్లం సీసాలు తెరిచాను, పరీక్ష నాళికలు కడిగాను, పిల్లల భుజం తట్టాను, హెడ్మాస్టరు గారికి టీ కూడా అందించాను. ఆయనకి ఏమీ కాలేదు. ఇంటికొస్తే మాత్రం నా నీడ పడితే పాలు విరుగుతాయన్నట్టు ఉండేది వ్యవహారం. ఈ ఏర్పాటంతా మా అత్తగారిది. మా ఆయన బ్యాంకులో పనిచేస్తారు. ఇలాంటి విషయాలు వచ్చినప్పుడు ఆయన ఇటూ చూడరు, అటూ చూడరు, పేపర్లోకి చూస్తారు.

మా అత్తగారు కోనసీమ మనిషి. రేవులో పంటు పడవెక్కి గోదావరి దాటి ఈ ఇంటికి కాపురానికి వచ్చారు. తెల్లారకముందే స్నానం, దండెం మీంచి కర్రతో తీసిన మడిబట్ట, తన చేత్తో నూతిలోంచి తోడిన బిందెడు నీళ్లు. ఆ నీళ్లతోనే వంట. మునిసిపాలిటీ కుళాయి నీళ్లు ఎవరి చేతుల మీదుగా వచ్చాయో తెలియదు కాబట్టి పనికిరావు. టిన్ను నీళ్ల సంగతి ఇక ఎత్తకూడదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నాకు పని సులువయ్యేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రాత్రంతా నా మంచం పక్కన కూర్చుని జావ తాగించిన మనిషి. మా అమ్మాయికి తల దువ్వి, జడ వేసి, పూలు పెట్టి బడికి పంపేది కూడా ఆవిడే. నెలలో ఆ మూడు రోజులు తప్ప.

మా అమ్మాయి పోయిన వేసవిలో పెద్దమనిషైంది. పేరంటాళ్లు వచ్చారు, చిమ్మిలి పంచారు, పట్టు పరికిణీ కట్టి ఫొటోలు తీయించారు. ఊరంతటికీ చెప్పుకుని అంత సంబరం చేసినవాళ్లు, మరుసటి నెల నుంచి పిల్లకి వెనక గది చూపించారు. మొదట్లో అది ఫోను పట్టుకుని ఆ గదిలో హాయిగానే ఉన్నట్టు కనిపించింది. ఎవరూ పని చెప్పరు కదా అనేది. ఒకరోజు మాత్రం, అన్నం కంచాన్ని గుమ్మంలో పెట్టి బామ్మ వెనక్కి నడవడం చూసి, చాలాసేపు ఆ కంచం ముట్టుకోలేదు. 

ఈ మధ్య మా నూతి నీళ్లు ఉప్పెక్కాయి. చుట్టుపక్కల అందరి నూతులూ అంతే. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. మా అత్తగారు పొద్దున్నే పొయ్యి మీద పెట్టిన కందిపప్పు, నేను స్కూలుకి బయల్దేరే వేళకి కూడా పలుకు పలుకుగానే ఉండేది. అయినా కుళాయి నీళ్లు పోయరు. అప్పుడే మా అమ్మాయికి తొమ్మిదో తరగతిలో స్వేదనం పాఠం వచ్చింది. అది ఇంట్లో చేసి చూస్తానంది. పెద్ద గిన్నెలో నూతి నీళ్లు పోసి, మధ్యలో చిన్న గిన్నె నిలబెట్టి, పైన మూత తిరగేసి పెట్టి, మూత మీద ఐసు ముక్కలు వేసింది. కింద నీళ్లు మరిగి ఆవిరై పైకి లేచి, చల్లటి మూతకి తగిలి, చుక్కలు చుక్కలుగా చిన్న గిన్నెలో పడ్డాయి. ఉప్పు అడుగునే ఉండిపోయింది. ఆ నీళ్లతో పప్పు వండితే వెన్నలా మెదిగింది.

మా అత్తగారి మొహం చూడాలి ఆ రోజు. పప్పు ఉడికిన ఆనందం ఒకవైపు, ఆ నీళ్లు మడేనా అన్న అనుమానం ఇంకోవైపు. కాసేపు ఆలోచించి ఆవిడే తీర్పు చెప్పారు.

"ఆవిరికి మైలేంటే? గోదాట్లో గేదెలు మునుగుతాయి, గట్టున శవాలు కాలుస్తారు. ఆ నీళ్లే ఎండకి పైకెళ్లి వానై పడితే మడి నీళ్లని పట్టుకోవట్లా మనం?"

నేను సైన్సు టీచర్ని. ఆ తర్కంలో తప్పు పట్టలేకపోయాను. పైగా లోపల్లోపల మెచ్చుకున్నాను. ఆవిడ ఈ తీర్పుని గోడ అవతలి వాళ్లకీ, వీధి చివరి వాళ్లకీ గర్వంగా చెప్పుకొచ్చారు. మా మనవరాలు ఆవిరి నీళ్లు పడుతుందమ్మా, మడికి అంతకన్నా మంచివి లేవు అని. రోజూ బడికి వెళ్లేముందు పిల్ల ఒక గిన్నెడు పట్టి ఇచ్చేది. గ్యాసు బండ ఇంత తొందరగా అయిపోతోందేంటని మా ఆయన సణిగితే, తల్లి ఒక చూపు చూశారు. మళ్లీ ఆయన ఆ మాట ఎత్తలేదు.

తర్వాత పిల్లకి ఆ రోజులు వచ్చాయి. వెనక గదికి వెళ్లింది. అక్కడ పాత కరెంటు పొయ్యి ఒకటి ఉంది. వెనకవైపు కుళాయికి మోటారుతో వచ్చేది కూడా ఆ నూతి నీళ్లే. ఆ నీళ్లు పట్టుకుని, పొయ్యి మీద పెట్టి, ఎప్పటిలాగే ఆవిరి నీళ్లు తయారుచేసి, గిన్నె తెచ్చి వంటింటి గుమ్మం దగ్గర పెట్టింది. మా అత్తగారు అదిరిపడ్డారు. పిల్ల నవ్వు ఆపుకుంటూ, నేను నూతి నీళ్లు ముట్టుకున్నాను గానీ ఆవిరిని ముట్టుకోలేదు బామ్మా అంది. ఆవిడ అన్న మాటే ఆవిడకి అప్పజెప్పింది. అత్తగారు గుడ్లప్పగించి చూసి, ఎట్టకేలకు దారి వెతుక్కున్నారు. ఆవిరి సంగతి సరే, గిన్నె ముట్టుకున్నావుగా అన్నారు.

మర్నాడు పిల్ల అందుకూ సిద్ధపడింది. గిన్నె నువ్వే పెట్టు బామ్మా అంది. ఆవిడ నిజంగానే వచ్చారు. పట్టకారుతో తన ఇత్తడి గిన్నెని ఆ నీళ్ల మధ్యలో దించారు. మూత తనే వేశారు. పిల్ల స్విచ్చి వేసింది. నిండాక పట్టకారుతో పైకి తీసి, ఎత్తు నుంచి తన బిందెలోకి వంచుకున్నారు. గిన్నెకి బయటంతా మైల, లోపలంతా మడి అని ఆవిడ కొత్త తీర్పు. ఆ నీళ్లతో వండిన పప్పు దేవుడికి నైవేద్యం పెట్టారు. మాకందరికీ వడ్డించారు. వెనక గదిలో చాప మీద కూర్చున్న మనిషికీ ఒక కంచంలో పంపించారు.

నా కంచంలో పప్పు చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల పట్టిన నీళ్లు పూజగది దాకా వెళ్లాయి. నీళ్లు పట్టిన పిల్ల మాత్రం పెరటివైపు గోడ చూస్తూ అన్నం తింటోంది. నీళ్లకి దారి వెతికారు, గిన్నెకి దారి వెతికారు, పట్టకారుకి కూడా శాస్త్రం వెతికారు. పిల్లకి మాత్రం ఎవరూ ఏ దారీ వెతకలేదు. నేను కంచం పట్టుకుని లేచి వెనక గదిలోకి వెళ్లాను.

పిల్ల మహా సంతోషంగా ఉంది. గెలిచానమ్మా అంది. ఇంకో మాట కూడా చెప్పింది. అది పరమాణు నిర్మాణం పాఠం బాగా చదువుకుంది. పరమాణువులో దాదాపు అంతా ఖాళీయే కదా, మధ్యలో ఇంత కేంద్రకం, ఎక్కడో అంచుల్లో ఎలక్ట్రాన్లు, మనం దేన్నైనా తాకామనుకున్నప్పుడు ఆ ఎలక్ట్రాన్లూ మన ఎలక్ట్రాన్లూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కదా, అంటే ఈ లోకంలో ఎవరూ ఎవర్నీ నిజంగా ముట్టుకోరు, రేపు బామ్మకి ఇది చెబుతాను అంది. టీచర్‌గా నాకు ఆ క్షణంలో చప్పట్లు కొట్టాలనిపించాలి. అనిపించలేదు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది.

"ఏం గెలిచావే? నువ్వు ఆవిరైతే రానిస్తారు. నువ్వు ముట్టుకోవడం ముట్టుకోవడమే కాదని రుజువు చేస్తే రానిస్తారు. నువ్వు నువ్వులా ఉంటే రానివ్వరా? లే. చాప మడతపెట్టు."

అది బిత్తరపోయి లేచింది. దాని చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. నా పక్కనే. పరమాణువులు ముట్టుకుంటాయో లేదో నాకప్పుడు పట్టలేదు. దాని చెయ్యి వెచ్చగా ఉంది, చెమటగా ఉంది, నా చేతిలో ఉంది. అంతవరకు నాకు తెలుసు. మా అత్తగారు తన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అన్నం చల్లారుతోంది, తినండి అన్నాను. తిన్నారు.

ఆ రోజు నుంచి నేను వెనక గదికి వెళ్లలేదు. పిల్లనీ పంపలేదు. అత్తగారు నాతో మాటలు తగ్గించారు. వంటింట్లో మాకు చోటు లేదన్నారు కాబట్టి, ఆ రోజుల్లో నేను హాల్లో కరెంటు పొయ్యి మీద వండేదాన్ని. చదువుకున్నదానివి, నీకు తెలియంది ఏముంది అని చుట్టాల్లో పెద్దావిడ ఒకరు ఫోన్లో దెప్పారు. నిజమే పిన్నిగారూ, చదువుకున్నాను కాబట్టే అన్నాను. ఆవిడ తర్వాత ఫోను చేయలేదు. పోనీ అనుకున్నాను.

అసలు పరీక్ష మార్గశిరంలో వచ్చింది. మా మామగారి తద్దినం. పిల్లకి లెక్క ప్రకారం ఆ రోజుకే ఆ రోజులు వచ్చేలా ఉన్నాయని మా అత్తగారు క్యాలెండరు ముందు నిలబడి వేళ్లు మడిచి చూసుకున్నారు. మామూలు మడి వేరు, తద్దినం మడి వేరు. మా వాళ్లలో తద్దినం నాడు బయటున్న ఆడవాళ్లు వెనక గదిలో ఉన్నా సరిపోదు, ఇంట్లోనే ఉండకూడదు. ఎవరింటికో పంపేస్తారు. నన్నూ పంపేవారు. ఈసారి పిల్లని భీమవరంలో వాళ్ల మేనత్త ఇంట్లో వదిలిపెట్టి వస్తానని మా ఆయన మెల్లగా నాతో అన్నారు. ఒక్కరోజే కదా, అక్కడ పిల్లలతో ఆడుకుంటుంది అన్నారు. నేను పంపనన్నాను. రెండోసారి అడిగితే రెండోసారి కూడా పంపనన్నాను.

అప్పుడు మా అత్తగారు వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. ఆవిడ కోప్పడితే నేనూ కోప్పడేదాన్ని. కోప్పడలేదు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మామగారు పోయినప్పటి నుంచి ఆ రోజున ఆవిడ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా వంట చేసి పెడుతున్నారు. అది ఒక్కటే ఆయనకి తాను ఇంకా చేయగలిగింది. నాకు అర్థమైంది. అర్థమవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

"ఆయన పిండం ముట్టరే అమ్మాయ్. ఆ ఒక్కరోజూ నా మాట విను."

"మామగారు తన సైకిలు ముందు కడ్డీ మీద దీన్ని కూర్చోబెట్టుకుని గోదారి గట్టంతా తిప్పారు అత్తయ్యగారూ. దీన్ని ఇంట్లోంచి పంపేసి ఆయనకి అన్నం పెడితే ఎలా ముడతారండీ?"

ఆవిడ ఒప్పుకోలేదు.   రెండు రోజులయ్యాక కొడుకుని పిలిచి, తద్దినం గోదావరి గట్టు దగ్గర సత్రంలో పెట్టుకుందాం, ఆ ఏర్పాట్లు చూడమన్నారు. పిల్ల ఇంట్లోంచి కదలదు కాబట్టి తద్దినమే ఇంట్లోంచి కదిలింది. ఆవిడ పంతం కూడా నా పంతంలాంటిదే. ఆ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు.

ఆ రోజు తెల్లవారుతూనే తన గిన్నెలూ, గరిటెలూ, విస్తళ్లూ సర్దుకుని, తల్లీ కొడుకూ ఆటోలో వెళ్లారు. నేను స్కూలుకి సెలవు పెట్టాను. అత్తగారు వేసిన లెక్క తప్పలేదు. పిల్ల నిద్రలేచి వచ్చి, మొదలైందమ్మా అంది. సరే, పళ్లు తోముకో, ఇడ్లీ పెడతాను అన్నాను. అది ఆ పొద్దంతా ఇల్లు తిరిగింది. పుట్టి పెరిగిన ఇల్లే, కొత్తగా చూస్తున్నట్టు ఒక్కో గదిలోకీ వెళ్లింది. ఊరగాయ జాడీ మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టింది. బామ్మ మంచం మీద కాసేపు పడుకుంది. పూజగది ముందు నిలబడింది. వెళ్లాలనిపిస్తే వెళ్లు అన్నాను. ఇప్పుడేం వెళ్లాలని లేదమ్మా, వెళ్లొచ్చని తెలిస్తే చాలు అంది. తర్వాత హాల్లో నేల మీద బోర్లా పడుకుని హోంవర్కు చేసుకుంది. సోడియం పరమాణువు బొమ్మ గీస్తూ, చివరి కక్ష్యలో మిగిలిన ఒంటరి ఎలక్ట్రాన్ ఎక్కడ పెడితే బాగుంటుందని నన్నడిగింది. నీ ఇష్టం, ఎక్కడ పెట్టినా ఒకటే అన్నాను. ఇద్దరం కలిసి మధ్యాహ్నం అన్నం తిన్నాం. మామగారి ఫొటో ముందు కూడా ఒక ముద్ద పెట్టాను. ఆయన కోసం పెట్టాను, ఎవరితో పోటీకి కాదు.

సాయంత్రం చీకటి పడుతుండగా ఆటో వచ్చి ఆగింది. మా ఆయన గిన్నెల సంచులు దించుతున్నారు. అత్తగారు దిగి, గోడ పట్టుకుని మెట్లు నెమ్మదిగా ఎక్కారు. రోజంతా ఉపవాసంతో పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి, డెబ్బై దాటిన మనిషి. మొహం పీక్కుపోయింది. సత్రంలో అన్నీ బాగా జరిగాయా అని అడిగాను. జరిగాయి అన్నారు. 

ఆటో చప్పుడు విని మా అమ్మాయి వచ్చి వీధి గుమ్మంలో నిలబడింది. పాతకాలపు ఇల్లు మాది, గుమ్మం ఇరుకు. రెండో తలుపు రెక్క గడియ తుప్పుపట్టి రాదు. లోపలికి రావాలంటే పిల్ల పక్కనుంచే రావాలి. అత్తగారు అరుగు మీద ఆగిపోయారు. పక్కకి జరగవే అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నేను ముట్టుకోనులే బామ్మా. నువ్వు రా."

పిల్ల గొంతులోనూ కోపం లేదు. నిజంగా పిలిచింది. కానీ జరగలేదు. గుమ్మానికి ఒకవైపు భుజం ఆనించి అలాగే నిలబడింది. ఆవిడ కొడుకు వైపు చూశారు. నా వైపు చూశారు. నా నోటి నుంచి ఒక్క మాట వస్తే పిల్ల జరిగేది. అది ఆవిడకీ తెలుసు. మా ఆయన సంచులు పట్టుకుని మెట్ల మీదే ఉండిపోయారు. వీధి దీపం వెలిగింది.

అత్తగారు చీర కుచ్చెళ్లు దగ్గరికి పట్టుకుని, ఒళ్లు కుదించుకుని, పక్కకి తిరిగి గుమ్మం దాటారు. ఎంత కుదించుకున్నా పమిట చెంగు పిల్ల మోచేతికి రాసుకుంది. నేను చూశాను, ఆవిడా చూశారు.  ఆగలేదు. హాలు దాటి, వంటిల్లు దాటి, నేరుగా పెరట్లో నూతి దగ్గరికి వెళ్లారు. బక్కెట నూతిలో పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత నెత్తి మీంచి నీళ్లు పోసుకుంటున్న చప్పుడు, మళ్లీ బక్కెట, మళ్లీ నీళ్లు.

మార్గశిరం చలి. ఆ వయసులో ఆ చన్నీళ్లు. నాకు జాలేసింది, ఎందుకు వెయ్యదు. తువ్వాలు తీసుకెళ్లి దండెం మీద ఆవిడకి అందేలా వేశాను. వేడినీళ్లు కాస్తానన్నాను. అక్కర్లేదన్నారు. తిరిగొచ్చేసరికి పిల్ల ఇంకా గుమ్మంలోనే ఉంది. మొహం వాడిపోయింది. తప్పు చేశానా అన్నట్టు నా వైపు చూసింది. లేదని తల ఊపాను. జరగమని దానికి చెప్పలేదు. ఇకముందూ చెప్పను.